కొండవాలున విల్లు: మంచుకాలపు త్రీడీ ఆర్చరీకి సన్నాహం

చదునైన మైదానంలో యాభై మీటర్ల దగ్గర బాణాలన్నీ ఒకే చోట గుచ్చే చేయి కొండవాలు ఎక్కగానే తడబడుతుంది. కాలు ఏటవాలుగా నిలబడాలి, కన్ను దూరాన్ని తప్పు చెబుతుంది, నడుం వంగాల్సిన చోట భుజం లేస్తుంది. విజయనగరం జిల్లాలో ఎస్.కోట, మెంటాడ కొండల కింద, శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి వైపు విల్లు పట్టాలనుకునేవాళ్ళు ఈ మూడింటినీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎలా చక్కదిద్దుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

చట్టం సంగతి మొదటే తేల్చుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షను అడవి జంతువుల వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. తరమడం, ఎర పెట్టడం, చంపబోవడం కూడా వేటే. ఆయుధాల జాబితాలో విల్లంబులు పేరుతో సహా ఉన్నాయి. అనుమతి లేకుండా ఆయుధం పట్టుకుని అభయారణ్యంలోకి వెళ్ళడమే 31వ సెక్షను కింద నేరం. రిజర్వు అడవిలో సాధన పెట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అందుకని పెద్ద జంతువు మీద విల్లు ఎక్కుపెట్టే విద్య మనకు త్రీడీ ఆర్చరీలోనే దొరుకుతుంది. తుప్పల మధ్య, వాలు మీద, దూరం చెప్పకుండా పెట్టిన జంతువు బొమ్మ మీద బాణం వేయడం ఈ ఆట. అడవిపంది, దుప్పి, ఎలుగు బొమ్మలు పెట్టుకోవచ్చు. విద్యలో ఏదీ తగ్గదు, ప్రాణం ఒక్కటీ పోదు.

అంతర్జాతీయ పోటీల్లో త్రీడీకి 24 గురులు ఉంటాయి. నిలబడే చోటుకి రంగు మేకు గుర్తు. కాంపౌండ్ విల్లుకి (కొసల్లో కప్పీలు ఉండేది) ఎర్ర మేకు, గరిష్ఠం 45 మీటర్లు. సైట్ (గురి చూసే సాధనం) లేని బేర్‌బో, లాంగ్‌బో, ట్రెడిషనల్ విభాగాలకి నీలి మేకు, గరిష్ఠం 30 మీటర్లు. బొమ్మ మీద మార్కులు 11, 10, 8, 5. సైట్ బిగించిన రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) వాడేవాళ్ళకి ఫీల్డ్ ఆర్చరీ ఉంది. అందులో దూరం చెప్పి పెట్టిన గురి 60 మీటర్ల దాకా, చెప్పకుండా పెట్టింది 55 దాకా ఉంటుంది. దూరం కొలిచే లేజరు యంత్రాన్ని ఈ పోటీల్లో వాడనివ్వరు. సాధనలో మాత్రం దగ్గర ఉంచుకోండి. కంటి అంచనా సరిపోయిందో లేదో అదే చెబుతుంది.

స్థలం, కాలం

అక్టోబరులో ఏమీ కట్టకండి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస వైపు జీడి, కొబ్బరి తోటల్నే పడగొట్టింది, మన సరుగుడు కర్రలు దానికి ఒక లెక్క కాదు. నవంబరు మూడో వారంలో చట్రాలు నాటి, ఫిబ్రవరి ఆఖరుకి విప్పేయండి. ఆ తర్వాత జీడిపండు మొదలవుతుంది. దానికోసం ఉద్దానం, మందస తోటల్లోకి ఎలుగుబంట్లు దిగుతాయి. తెల్లవారుజామున, మునిమాపున ఆ తోటల్లో తిరగకూడదు. చలికాలంలోనూ వెలుగు పూర్తిగా వచ్చాకే లోపలికి వెళ్ళండి, మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగు మనిషి చప్పుడు వింటే చాలాసార్లు తప్పుకుంటుంది. మలుపులో హఠాత్తుగా ఎదురుపడితే మీద పడుతుంది.

స్థలం ఎంచేటప్పుడు గురి వెనక ఏముందో ముందు చూడాలి. వెనక కొండే ఉండాలి, ఆకాశం కనపడకూడదు. మెట్ట శిఖరం మీద గురి పెడితే తప్పిన బాణం అవతలి వాలుకి పోతుంది. అక్కడ మేకలు కాసేవాళ్ళున్నారో, కట్టెలు ఏరేవాళ్ళున్నారో మీకు కనపడదు. సాధారణ విల్లు బాణం కూడా రెండు వందల మీటర్లు దాటి పోగలదని గుర్తుంచుకోండి. గెడ్డకి (కొండవాగుకి) అడ్డంగా ఈ గట్టు మీంచి ఆ గట్టు మట్టిలోకి వేసే చోటు అన్నింటికంటే మంచిది. అయితే ఆ గెడ్డలోంచి ఊరి దారి పోతోందేమో ముందు అడగండి. తోట యజమాని ఒప్పుకున్నాక చుట్టుపక్కల కాపర్లకి మీరు వేసే రోజులు, వేళలు చెప్పండి. దారి రెండు వైపులా ఎర్ర గుడ్డ కట్టండి. ఒకరు బాణాలు తెచ్చుకోవడానికి వెళ్తే మిగిలినవాళ్ళు విల్లు కింద పెట్టేయాలి. బాణం వెతికేవాళ్ళు గురి వెనక తుప్పలో ఉంటే ముందునించి కనపడరు, కాబట్టి ఒక విల్లుని గురికి ఆనించి పెట్టి వెనక్కి వెళ్ళాలి. ఆ విల్లు కనపడినంతసేపూ ఎవరూ బాణం తొడగరు.

గురి సంచి కట్టడం

కొన్న ఫోమ్ జంతువుల ధర ఎక్కువ. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు జ్యూట్ మిల్లుల ప్రాంతంలో గోనె సంచికి కొదవ లేదు కాబట్టి గోనెతోనే మొదలుపెట్టండి. ధాన్యం సంచి సుమారు 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు ఉంటుంది. గోనె నేత పలచన. బాణం దారాల్ని తెంపకుండా పక్కకి జరిపి దిగుతుంది, తీశాక దారాలు చాలావరకు తిరిగి కలుస్తాయి. ప్లాస్టిక్ నేత సంచికి ఈ గుణం లేదు. ఎండకి పెళుసెక్కి చిరుగుతుంది, బాణం దిగేటప్పుడు ఒరిపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి బాణం కర్ర మీద అంటుకుంటుంది.

లోపల పాత చీరలు, పంచెలు, దర్జీ దగ్గర మిగిలిన పీలికలు కూరాలి. గుండీలు, జిప్పులు, హుక్కులు ఒక్కటి కూడా ఉండకూడదు. కార్బన్ బాణం మొన పక్క నుంచి చిట్లిపోయేది ఇలాంటి వాటికి తగిలే. ఒక సంచికి దగ్గర దగ్గర 20 కిలోల గుడ్డ పడుతుంది. నాలుగైదు కిలోలు వేసినప్పుడల్లా సంచిలో నిలబడి కాళ్ళతో తొక్కండి. మూలల్లోకి రోకలితో కూరండి. మూలలు వదులైతే వారం తిరిగేసరికి గుడ్డంతా కిందికి దిగి పైన జానెడు ఖాళీ మిగులుతుంది. సరిగ్గా అక్కడే బాణం దూసుకుపోతుంది. మూతిని దబ్బనం, రెండు పేటల పురికొసతో రెండు వరసలు కుట్టండి. ఊక, ఇసుక, రంపపు పొట్టు వద్దు. ఊక ప్రతి రంధ్రంలోంచీ రాలుతుంది, ఇసుక కర్రని గీరుతుంది, పొట్టు తడిసి గట్టి పడుతుంది.

లాగడానికి పట్టే బలం 30 పౌండ్ల లోపు ఉన్న రికర్వ్‌కి ఒక సంచి మందం చాలు. కాంపౌండ్‌కి రెండు సంచులు వీపులు కలిపి కట్టాలి. కట్టాక పది మీటర్ల నుంచి ఒకే ఒక్క బాణం వేసి వెనక చూడండి. మొన బయటికి వచ్చిందంటే మళ్ళీ విప్పి కూరాల్సిందే.

చట్రానికి సరుగుడు కర్రలు వాడండి, 8 నుంచి 10 సెంటీమీటర్ల లావు చాలు. ఇనప పైపు వద్దు, తగిలిన బాణం విరుగుతుంది, లేదా వెనక్కి ఎగురుతుంది. సంచిని పైకర్రకి రెండు చోట్ల వేలాడదీసి, కింది మూలల్ని కూడా కర్రలకి కట్టండి. కింద కట్టకపోతే గాలికి ఊగుతుంది. నేలకి అడుగు ఎత్తున ఉంచితే చెదలు పట్టవు. మన నేలలో గోనెని మట్టి మీద ఆనించి వదిలితే నెలలోపే అడుగు పోతుంది.

చాలామంది తప్పేది ఇక్కడే: వాలు మీద గురి ముఖం నేలకి నిటారుగా ఉండకూడదు, బాణం వచ్చే దారికి నిటారుగా ఉండాలి. పై నుంచి కిందికి వేసే గురిని ఆకాశం వైపు వాల్చాలి. కింద నుంచి పైకి వేసేదాన్ని ముందుకి వంచాలి. లేకపోతే బాణం ఏటవాలుగా దిగి, కర్ర వంగి, కొన్నిసార్లు జారి పైకి లేచిపోతుంది.

జంతువు రూపాన్ని సంచి మీద కట్టే నూలు గుడ్డ పైన గీయండి. ఫ్లెక్సీ మీద గీస్తే దాని ప్లాస్టిక్ పొర కూడా బాణాన్ని పట్టుకుంటుంది. అడవిపందికి ముక్కు నుంచి తోక మొదలు దాకా 120 సెంటీమీటర్లు, వీపు ఎత్తు 70 పెడితే సరిపోతుంది. అంత పొడవుకి రెండు సంచులు పక్కపక్కన కావాలి. 8 మార్కుల గీతని ముందుకాలు వెనక, పక్కటెముకల మీదుగా, ఒంటి ఎత్తులో మధ్య కంటే కొంచెం కిందుగా గీయండి. లోపల 10 వలయం, దాని నడుమ చిన్న 11. రంగు మట్టిలో కలిసిపోయేలా ఉండాలి. తెల్ల గుడ్డ మీద నల్ల పంది వేస్తే కంటికి పరీక్షే ఉండదు.

విల్లు, బాణం

ఇక్కడ క్లుప్తంగానే. కొత్తగా పట్టే పెద్దవాళ్ళు 22 నుంచి 26 పౌండ్లతో మొదలుపెట్టాలి. పూర్తిగా లాగి పదిహేను సెకన్లు కదలకుండా ఆపలేని విల్లు కొండ మీద మీకు పనికిరాదు, ఎందుకంటే అక్కడ కాలు సర్దుకునేదాకా ఆగాల్సి వస్తుంది. కాంపౌండ్‌కి 40 నుంచి 50 పౌండ్లు 45 మీటర్ల దాకా హాయిగా సరిపోతాయి. బాణం లేకుండా లాగి వదలకండి, ఆ దెబ్బంతా లింబుల (విల్లు పై, కింది కొమ్మల) మీద పడి అవి చీలుతాయి. రికర్వ్‌కి స్ట్రింగ్ ఎక్కించేటప్పుడు స్ట్రింగర్ తాడు వాడండి. మోకాలికి ఆనించి వంచితే లింబు మెలి తిరుగుతుంది.

బాణం స్పైన్ (కర్ర బిరుసుతనం) సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి రెక్కలున్న బాణాలు మూడు, రెక్కలు తీసినవి రెండు 18 మీటర్ల నుంచి ఒకే చోటికి వేయండి. కుడిచేతి వాళ్ళకి రెక్కలు లేనివి ఎడమకి పడితే బాణం బిరుసు, కుడికి పడితే మెత్తన. కిందికి పడితే నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తొడిగే చోటు) ఎత్తుగా ఉన్నట్టు, పైకి పడితే దిగువన ఉన్నట్టు. ఎత్తు సరిచేశాకే ఎడమ కుడి చూడాలి. తిరగేసి చేస్తే రెండుసార్లు చేయాలి. 68 అంగుళాల రికర్వ్‌కి బ్రేస్ హైట్ (పిడి నుంచి నారికి ఉండే దూరం) ఎనిమిదిన్నర, తొమ్మిది అంగుళాల మధ్య మొదలుపెట్టి, చప్పుడు తక్కువగా ఉన్న చోట ఆపండి.

డిసెంబరు మంచుకి పక్షి ఈక రెక్కలు తడిసి అణిగిపోతాయి. పొద్దున్నే వేసేవాళ్ళు ప్లాస్టిక్ వేన్లు పెట్టుకోవాలి. ఈకలే కావాలంటే ఎండ వచ్చేదాకా బాణాల పొదిని గుడ్డతో కప్పి ఉంచండి. సవర, జాతాపు గిరిజనుల వెదురు విల్లు లాంటిది వాడేవాళ్ళకి ఒక్క మాట: ఆట ఆగగానే నారి దించండి, పొగకీ తడికీ దూరంగా అడ్డంగా పెట్టండి. నారి ఎక్కించి రాత్రంతా వదిలిన వెదురు పొద్దున్నకి వంపు పట్టి ఉంటుంది, ఆ బలం మళ్ళీ రాదు.

తుప్పలో పడ్డ ప్రతి కార్బన్ బాణాన్నీ మళ్ళీ తొడిగే ముందు రెండు చేతులతో కొంచెం వంచి, తిప్పుతూ చెవి దగ్గర వినండి. చిటుక్కుమంటే అక్కడికక్కడే విరిచి పడేయండి. లోపల చీలిన బాణం వదిలిన క్షణంలో పగిలి, విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది.

వాలు మీద నిలబడడం

పైకి వేసినా కిందికి వేసినా సూత్రం ఒకటే. బాణం భూమికి సమాంతరంగా ఉండేలా విల్లుని ముందు మైదానంలో లాగినట్టే లాగండి. చేతులు, భుజాలు, వెన్ను కలిసి టీ ఆకారంలో బిగుసుకున్నాక ఆ ఆకారాన్ని చెడగొట్టకుండా నడుం దగ్గర వంచి గురి మీదికి తీసుకెళ్ళండి. ముందే చేయి ఎత్తి లాగితే ముందు భుజం చెవి దగ్గరికి లేస్తుంది, లాగే పొడవు మారుతుంది, గడ్డం కింద చేయి ఆనే చోటు జరుగుతుంది. రికర్వ్ వాళ్ళకి క్లిక్కర్ (పూర్తిగా లాగగానే టక్కుమనే రేకు) ఎంతకీ పడదు, లాగీ లాగీ చేయి వణుకుతుంది. వణుకు మొదలైతే దింపేయడమే. ఊపిరి పీల్చుకుని మళ్ళీ లాగండి.

పైకి వేసేటప్పుడు కాళ్ళు మామూలు కంటే ఎడంగా పెట్టి, తుంటిని గురి వైపు కొంచెం నెట్టండి, పై ఒళ్ళు దానంతట అదే వెనక్కి వాలుతుంది. కిందికి వేసేటప్పుడు తుంటిని వెనక్కి, అంటే కొండ పైవైపుకి నెట్టాలి. కిందికి వేసేటప్పుడే జారి పడేది. జీడాకు, టేకాకు ఎండిన పొర మీద రబ్బరు చెప్పు నిలవదు. నిలబడే చోట ఆకు ఊడ్చేసి, మడమతో చిన్న గుంట చేసుకుని ఆనుకోండి. బూటు అడుగున గాడి లోతుగా ఉండాలి.

పక్కవాలు ఇంకా మాయ చేస్తుంది. గురి వాలుకి అడ్డంగా ఉన్నప్పుడు కాలివేళ్ళు ఒక ఎత్తున, మడమలు ఒక ఎత్తున ఉంటాయి. కన్ను వాలిన నేలనే సమతలం అనుకుంటుంది, దానికి నిటారుగా విల్లు పట్టిస్తుంది. ఫలితంగా విల్లు పైకొస పల్లం వైపు వాలి, బాణాలన్నీ పల్లం వైపు, కొంచెం కిందుగా పడతాయి. కాంపౌండ్ సైట్‌లో నీటిబుడగ ఉంటుంది, దాన్ని నమ్మండి, కంటిని కాదు. పోటీ రికర్వ్‌కి బుడగ పెట్టనివ్వరు. నిటారు గీత కోసం దూరంగా తాటిచెట్టు చూసుకోండి. జీడిచెట్టుని, వాలు మీద పెరిగిన చెట్టునీ చూసి సరిచేసుకుంటే మోసపోతారు, అవి పుట్టుకతోనే వంకర.

ఎక్కిన వెంటనే వేయకండి. గుండె చప్పుడుకి సైట్ పిన్ను కదలడం కనిపిస్తూనే ఉంటుంది. నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి వదిలి, సగం గాలి లోపల ఉంచి లాగండి. దీన్ని కావాలని సాధన చేయాలి: అయిదు కిలోల సంచి వీపున పెట్టుకుని వందడుగులు ఎక్కడం, ఒక బాణం వేయడం, దిగడం. డిసెంబరంతా వారానికి మూడు రోజులు ఇది చేస్తే జనవరిలో ఊపిరి మీ మాట వింటుంది.

దూరం, వాలు లెక్క

బాణాన్ని భూమి కిందికి లాగేది అది అడ్డంగా పోయిన దూరం కొద్దీ. అందుకే వాలున 40 మీటర్లున్న గురికి సైట్‌ని 40 మీటర్లకే పెడితే బాణం పైకి పోతుంది. పైకి వేసినా, కిందికి వేసినా పైకే. 20 డిగ్రీల వాలుకి దూరంలో నూటికి 6 తగ్గించండి, 30 డిగ్రీలకి 13, 40 డిగ్రీలకి 23. అంటే 40 మీటర్లు 30 డిగ్రీల దగ్గర 34.6 అవుతుంది. 15 డిగ్రీల లోపైతే పట్టించుకోనక్కర్లేదు. కచ్చితంగా చెప్పాలంటే పైకి వేసేటప్పుడు ఈ లెక్క కంటే కాస్త ఎక్కువ, కిందికి వేసేటప్పుడు కాస్త తక్కువ పెట్టాలి, ఎందుకంటే ఎక్కే బాణం వేగం కోల్పోతుంది. ఆ తేడా మీ సొంత విల్లుతో వేసి పుస్తకంలో రాసుకోవాల్సిందే.

వాలు కొలవడానికి పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని చాలు. మధ్య చుక్క దగ్గర దారం కట్టి, చివర నట్టు వేలాడదీయండి. చదునైన అంచు వెంబడి గురిని చూస్తే దారం ఏదో అంకె మీద నిలుస్తుంది. సమతలంలో 90 చూపిస్తుంది. 60 మీదో 120 మీదో ఆగితే వాలు 30 డిగ్రీలు. నెల రోజులు ఇలా కొలిస్తే కన్ను నేర్చుకుంటుంది.

లెక్క ఎందుకంత ముఖ్యమో చూడండి. సెకనుకి 55 మీటర్ల వేగంతో పోయే రికర్వ్ బాణాన్ని 40 మీటర్ల దగ్గర, 30 డిగ్రీల వాలున, ఏమీ తగ్గించకుండా వేస్తే సుమారు 35 సెంటీమీటర్లు పైన తగులుతుంది. పంది బొమ్మ మీద అది వీపు దాటి పోవడమే. సెకనుకి 80 మీటర్ల కాంపౌండ్ బాణానికి ఆ తప్పు దాదాపు 16 సెంటీమీటర్లు. సమతలంలో 40 మీటర్లని 5 మీటర్లు తప్పుగా అంచనా వేసినా నష్టం ఇంచుమించు ఇంతే.

దూరం అంచనాకి గురి దాకా ఒకేసారి చూడకండి. సగం దూరంలో ఒక రాయినో తుప్పనో గుర్తు పెట్టుకుని దాని దాకా అయిదేసి మీటర్లు లెక్కించి రెట్టింపు చేయండి. ఇరవై మీటర్ల దాకా కన్ను బాగానే చెబుతుంది. గెడ్డకి అవతల ఉన్న గురి అసలు కంటే దగ్గరగా కనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలో నేల కనపడదు, లెక్కించడానికి ఏమీ ఉండదు. జీడి కొమ్మల కింద చీకటి సొరంగంలో ఉన్నది దూరంగా తోస్తుంది. చిన్న బొమ్మా అంతే. గెడ్డ అవతల ఉంటే మీ అంచనాకి రెండు మూడు మీటర్లు కలిపి, చీకటి సొరంగంలో ఉంటే అంతే తీసి, వేశాక టేపు పట్టి కొలవండి. అంచనా ముందు రాసి, కొలత తర్వాత రాయాలి. తిరగేస్తే మనసు సర్దుకుంటుంది, కన్ను నేర్చుకోదు.

బాణం వెతుకులాట

తప్పిన బాణాన్ని ఆకుల్లో చేత్తో వెతకకండి. రక్తపింజర ఎండుటాకు రంగులోనే ఉంటుంది, దగ్గరికి వెళ్ళినా చాలాసార్లు కదలకుండా పడి ఉంటుంది. కొస వంచిన ఇనప చువ్వకి పొడవాటి కర్ర బిగించి, గురి వెనక నుంచి మీ వైపుకి అడ్డంగా గీకుతూ రండి. కార్బన్ కర్రకి తగిలితే టక్కున వినిపిస్తుంది. కాలంతా కప్పే మందపాటి ప్యాంటు, మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ చేయకుండా, కాలు కదలనివ్వకుండా మోసుకుని రోడ్డు మీదికి తెచ్చి 108కి ఫోను చేయండి. విషానికి విరుగుడు ఆసుపత్రి సూదిలోనే ఉంది. సిగ్నలు అందే చోటు ఎక్కడుందో మొదటి రోజే చూసి పెట్టుకోండి. ఈ కొండల కింద అది అన్ని చోట్లా దొరకదు.

ఫిబ్రవరి ఆఖర్న విప్పేటప్పుడు సంచులు కుట్టు తెంచి గుడ్డ ఎండలో ఆరబోసి, అందులో మిగిలిన మొనలు అయస్కాంతంతో ఏరి తీయండి. స్టెయిన్‌లెస్ స్టీలు మొనలు కొన్ని అయస్కాంతానికి అంటవు, వాటిని చేత్తో తడిమి చూడాలి. మొన మిగిలిన గుడ్డనే వచ్చే ఏడాది మళ్ళీ కూరితే మొదటి బాణమే దానికి తగిలి పగులుతుంది. స్ట్రింగ్‌కి మైనం రాసి చుట్టండి, లింబులు విప్పి బీరువాలో చదునుగా పెట్టండి. రేకుల ఇంటి అటక మీద గానీ, ఎండలో నిలబెట్టిన కారులో గానీ విల్లు ఉంచకూడదు. ఆ వేడికి లింబు పొరల మధ్య జిగురు వదిలేస్తుంది.